పాదం మోపిన చోటే నేల ఉండాలి: నడక శిక్షణకు కట్టిన ఒక వర్చువల్ గది

ఫిజియోథెరపిస్టుల బృందం మమ్మల్ని అడిగిన పని వినడానికి తేలికగానే ఉంటుంది. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు, మోకాలి ఆపరేషన్ తర్వాత మళ్లీ నడక నేర్చుకుంటున్నవాళ్లు ఫుట్‌పాత్ అంచు ఎక్కడం, గడప దాటడం, గుంత పక్క నుంచి వెళ్లడం సాధన చెయ్యాలి. అడ్డంకి కళ్లకు నిజంగా ఉన్నట్టే కనబడాలి, కానీ కాలు తగిలితే మనిషి పడిపోకూడదు. పైకప్పుకు బిగించిన పట్టాలకు వేలాడే బెల్టు మనిషిని పట్టుకునే ఉంటుంది. నేల మాత్రం చదునైన మామూలు నేల. అడ్డంకులన్నీ కళ్లకు తగిలించుకునే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్‌లోనే.

ఇందులో ఇంకో కోరిక కూడా ఉంది. అడ్డంకి దాటేటప్పుడు కాలి వేళ్లు ఎంత ఎత్తులో వెళ్లాయి, దాటే ముందు మనిషి ఎంతసేపు తటపటాయించాడు అన్నవి వాళ్లకు లెక్కగా కావాలి. అంటే ఒకే ట్రాకింగ్ సమాచారం, అంటే శరీరం ఏ క్షణాన ఎక్కడుందో చెప్పే లెక్క, రెండు పనులు చెయ్యాలి. వాడేవాళ్లకు వాళ్ల పాదాలను అప్పటికప్పుడు చూపించాలి, థెరపిస్టుకు సరైన కొలత ఇవ్వాలి. మొదటిదానికి వేగం ముఖ్యం, రెండోదానికి కచ్చితత్వం. ఈ రెంటికీ మధ్య ఉన్న తగువే ఈ ప్రాజెక్టు మొత్తాన్ని నడిపించింది.

వర్చువల్ ప్రపంచం నిజంగా అనిపించాలంటే బొమ్మ అందంగా ఉండాలని చాలామంది అనుకుంటారు. నడక విషయంలో నా అభిప్రాయం వేరు. కన్ను చెప్పేదీ పాదం చెప్పేదీ ఒకటైతే మామూలు బూడిద రంగు నేలను కూడా మనిషి నమ్ముతాడు. ఆ రెండూ రెండు సెంటీమీటర్లు తేడా పడితే ఎంత గొప్పగా వెలుగునీడలు దిద్దిన వీధి మీదైనా భయంభయంగానే నడుస్తాడు.

కెమెరాలతోనే ఎందుకు

మనిషి కదలికను కంప్యూటర్‌కు చెప్పడానికి దారులు చాలానే ఉన్నాయి. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవన్ సదర్లాండ్ చూపించిన, తలకు తగిలించుకునే తొలి డిస్‌ప్లే పైకప్పు నుంచి దిగిన ఒక యంత్రపు చేయితో తల కదలికను కొలిచేది. అయస్కాంత క్షేత్రంతో పనిచేసే ట్రాకర్లు తర్వాత వచ్చాయి. కానీ దగ్గర్లో ఇనుము ఉంటే అవి తప్పుడు లెక్క చెబుతాయి, మా గదిలో పైనంతా ఇనుప పట్టాలే. ఒంటికి కట్టుకునే చిన్న జడత్వ సెన్సర్లు వేగంగా స్పందిస్తాయి గానీ త్వరణాన్ని రెండుసార్లు కూడి స్థానం రాబట్టాలి కాబట్టి చిన్న పొరపాటు కూడా సెకన్లలో పెరిగిపోతుంది.

కెమెరాలకు ఈ రెండు ఇబ్బందులూ లేవు. 1990లలో చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం వాళ్లు పైకప్పు నిండా ఎల్‌ఈడీలు పరిచి, తల మీద పెట్టుకున్న సెన్సర్ వాటిని చూసి తన స్థానం తెలుసుకునేలా చేశారు. హైబాల్ అనే ట్రాకర్ అలా పుట్టింది. ఇప్పటి హెడ్‌సెట్లు తమ సొంత కెమెరాలతో గదిని చూసి తల ఎక్కడుందో తెలుసుకునే పద్ధతి కూడా ఆ దారిలోదే. అయితే హెడ్‌సెట్‌కు తల సంగతి బాగా తెలుసు గానీ పాదాల సంగతి తెలియదు. ముఖ్యంగా వెనక ఉన్న కాలు దాని కెమెరాలకు కనబడదు. మాకు కావలసింది పాదాలే. అందుకే తలకు హెడ్‌సెట్ సొంత ట్రాకింగ్, పాదాలకు గది చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు అని నిర్ణయించాం.

ఈ కెమెరాల పని తీరు తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. లెన్సు చుట్టూ ఉన్న ఎల్‌ఈడీలు కంటికి దాదాపు కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును చిమ్ముతాయి. బూటుకు అంటించిన చిన్న గోళాల (వీటినే మార్కర్లు అంటాం) మీద ఉన్న ప్రత్యేకమైన పూత ఆ వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది. కెమెరాకు చీకట్లో మెరిసే చుక్కలు మాత్రమే కనబడతాయి. చుక్కలో ఒక్కో పిక్సెల్ ఎంత మెరుస్తోందో చూసి దాని నడిబొడ్డును లెక్కిస్తే పిక్సెల్‌లో చిన్న వంతు దాకా కచ్చితత్వం వస్తుంది. ఒకే చుక్కను రెండు కెమెరాలు చూస్తే రెండు కిరణాలు కలిసే చోటే దాని స్థానం. ఒక వస్తువుకు కనీసం మూడు చుక్కలుంటే అది ఎటు తిరిగి ఉందో కూడా తెలుస్తుంది. నడిచేటప్పుడు ఏదో ఒకటి దాక్కుంటుంది కాబట్టి మేం బూటుకు ఐదేసి పెట్టాం. ఎడమ బూటు మీది అమరిక కుడి బూటు మీది అమరికకు అద్దంలో ప్రతిబింబంలా ఉండకుండా చూసుకున్నాం. లేకపోతే కొన్ని చుక్కలు దాక్కున్నప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక కాలిని ఇంకో కాలు అనుకునే ప్రమాదం ఉంది.

గది, వెలుగు, నేల

కెమెరాలన్నిటినీ పైన గోడ అంచు వెంట బిగించడం మామూలుగా అందరూ చేసే పని. పాదాల విషయంలో అది చాలదు. మనిషి ముందుకు వంగి కిందికి చూసినప్పుడు, బెల్టు పట్టీలు అడ్డం వచ్చినప్పుడు పై నుంచి బూటు ముందు భాగం కనబడదు. అందుకని కొన్ని కెమెరాలను మోకాలి ఎత్తులో, నడిచే దారికి రెండు పక్కలా పెట్టాం. ఒకే పాదాన్ని చూసే కెమెరాలు పక్కపక్కనే ఉంటే వాటి కిరణాలు దాదాపు సమాంతరంగా వచ్చి కలుస్తాయి, అప్పుడు దూరం లెక్క వదులైపోతుంది. కిరణాలు లంబకోణానికి దగ్గరగా కలిసేలా ఉంటే లెక్క బిగుస్తుంది. కెమెరాల సంఖ్య పెంచేకన్నా ఈ కోణాలు సరిచెయ్యడమే ఎక్కువ ఫలితమిచ్చింది.

కింద పెట్టిన కెమెరాలతో ఒక చిక్కుంది. ఎదురుగా ఉన్న కెమెరా ఎల్‌ఈడీలు, నున్నని నేల మీద వాటి ప్రతిబింబాలు, బెల్టు బకిల్స్ మెరుపు అన్నీ చుక్కల్లాగే కనబడతాయి. కిటికీ లోంచి వచ్చే ఎండలో కూడా ఇన్‌ఫ్రారెడ్ పుష్కలంగా ఉంటుంది. నేల మీద మెరవని మ్యాట్ పరిచాం, కిటికీలకు మందపాటి తెరలు కట్టాం, బకిల్స్‌కు నల్ల టేపు చుట్టాం. చాలా స్పోర్ట్స్ షూలకు రాత్రిపూట కనబడడానికి వెలుగును తిప్పికొట్టే పట్టీలు కుట్టి ఉంటాయి. అవి మార్కర్లకన్నా గట్టిగా మెరుస్తాయి. వచ్చినవాళ్ల బూట్లను ముందే చూసి ఆ పట్టీలు కప్పడం రోజువారీ పనుల జాబితాలో చేరింది.

క్యాలిబ్రేషన్ అంటే చుక్కల మధ్య దూరం తెలిసిన కర్రను గదంతా ఊపుతూ తిరగడం. దాన్నుంచి కెమెరాలు ఒకదానికొకటి ఎక్కడున్నాయో సాఫ్ట్‌వేర్ లెక్కిస్తుంది. ఊపేవాళ్లు సహజంగా ఛాతీ ఎత్తులో ఊపుతారు. మాకు కావలసింది నేల నుంచి మోకాలి దాకా ఉన్న జాగా కాబట్టి వంగి, నేలకు ఆనించినంత దగ్గరగా, మూలమూలకూ వెళ్లి ఊపాం. కెమెరాలు వేడెక్కితే లెన్సు అమరిక చాలా స్వల్పంగా జరుగుతుంది. అందుకే స్విచ్ వేసిన వెంటనే క్యాలిబ్రేట్ చెయ్యకుండా కొంతసేపు నడవనిచ్చి చేసేవాళ్లం.

ఆ తర్వాత నేల ఎక్కడుందో చెప్పాలి. దీనికి ఎల్ ఆకారపు చట్రాన్ని నేల మీద పెట్టి అదే నేల అనడం మామూలు పద్ధతి. చట్రం చెయ్యి పొట్టిది. దాని వాలులో పదో వంతు డిగ్రీ తేడా ఉన్నా, ఆరు మీటర్ల అవతల నేల ఎత్తులో సెంటీమీటరు తేడా వస్తుంది. మామూలు నడకలో గాల్లో సాగే కాలి వేళ్లు నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తులోనే వెళ్తాయి. అంటే ఆ తేడా మేం కొలవదలచిన కొలతంత ఉందన్నమాట. అందుకే చట్రాన్ని దిక్కుల కోసమే వాడుకుని, కొనకు మార్కర్లున్న కర్రతో నేలంతా గళ్లు గళ్లుగా తాకించి, ఆ బిందువుల నుంచి నేలను రాబట్టాం. గది నేల ఎక్కడెక్కడ కొద్దిగా దిగిందో కూడా అందులో తెలిసింది. వర్చువల్ నేలకూ ఆ హెచ్చుతగ్గులే ఇచ్చాం.

రెండు లెక్కల గది

ఇక్కడి నుంచి అసలు కష్టం మొదలవుతుంది. తలకు ఒక ట్రాకింగ్, పాదాలకు ఇంకో ట్రాకింగ్ అన్నప్పుడు రెంటికీ గది మూల వేరు, దిక్కులు వేరు, గడియారం కూడా వేరు. ఈ మూడూ కలవకపోతే మనిషికి తన పాదం తనది కాని చోట కనబడుతుంది.

స్థానాలు కలపడానికి హెడ్‌సెట్ మీద కూడా మార్కర్లు పెట్టి, దాన్ని గదంతా తిప్పుతూ రెండు వ్యవస్థలు చెప్పిన స్థానాలను జతలు జతలుగా నమోదు చేశాం. తెలియనివి రెండు. గది లెక్క నుంచి హెడ్‌సెట్ లెక్కకు మారే సూత్రం ఒకటి, హెడ్‌సెట్ మీది మార్కర్ల నుంచి దాని కళ్లద్దాల నడిమికి ఉన్న దూరమూ కోణమూ ఇంకొకటి. రోబో చేతికి కెమెరా బిగించేవాళ్లు ఎన్నో ఏళ్లుగా పరిష్కరిస్తున్న లెక్కే ఇది. తలను అటూ ఇటూ మాత్రమే తిప్పితే జవాబు సరిగా తేలదు, పైకీ కిందికీ పక్కకూ కూడా వంచాలి.

ఒకసారి కలిపితే అయిపోదు. హెడ్‌సెట్ తన చుట్టూ చూసిన దాన్నిబట్టి తన పటాన్ని తానే సవరించుకుంటూ ఉంటుంది. ఖాళీ తెల్లగోడల గదిలో దానికి ఆనవాళ్లు దొరక్క పటం జరుగుతుంది. గోడలకు గజిబిజి బొమ్మలున్న కాగితాలు అంటించగానే చాలా నయమైంది. కొన్ని హెడ్‌సెట్ల కెమెరాలు మన ఇన్‌ఫ్రారెడ్ మెరుపులను కూడా చూసి తికమకపడతాయి. ఎల్‌ఈడీల తీవ్రతను అవసరమైనంతకే తగ్గించాం.

అయినా మిగిలిన జరుగుబాటును ఎప్పుడు సరిదిద్దాలన్నది ప్రశ్న. మనిషి నిలబడి పాదాలు చూసుకుంటున్నప్పుడు ప్రపంచాన్ని ఒక్కసారిగా సెంటీమీటరు జరిపితే కళ్లు తిరుగుతాయి. 2001లో రజాక్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఒక సంగతి చూపించారు. మనిషి తల తిప్పుతున్నప్పుడు వర్చువల్ ప్రపంచాన్ని కొద్దికొద్దిగా అదనంగా తిప్పితే ఆ సంగతి అతనికి తెలియదు. చిన్న గదిలోనే పెద్ద వర్చువల్ దారి నడిపించడానికి వాళ్లు దాన్ని వాడారు. మేం అదే గుణాన్ని తిరగేసి వాడుకున్నాం. దారి చివర మనిషి వెనక్కి తిరిగేటప్పుడు మాత్రమే సవరణ జరుగుతుంది, నడిచేటప్పుడు జరగదు. ఈ ప్రాజెక్టులో నాకు బాగా తృప్తినిచ్చిన నిర్ణయం ఇది.

ఆలస్యం

తల తిప్పినప్పుడు బొమ్మ ఎంత ఆలస్యంగా మారుతుందో అందరూ పట్టించుకుంటారు. సెకనుకు వంద డిగ్రీల వేగంతో తల తిరుగుతుంటే, 50 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే ప్రపంచం 5 డిగ్రీలు వెనకబడిందని అర్థం. 2003లో మీహన్ అనే పరిశోధకుడి బృందం లోతైన గుంత ఉన్న వర్చువల్ గదిలో 50, 90 మిల్లీసెకన్ల ఆలస్యాలను పోల్చి చూసింది. తక్కువ ఆలస్యం ఉన్నవాళ్లలో గుండె వేగం ఎక్కువ మారింది, అంటే వాళ్ల శరీరం ఆ గుంతను ఎక్కువ నమ్మింది. ఇప్పటి హెడ్‌సెట్లు జడత్వ సెన్సర్లతో తల ఎటు వెళ్లబోతుందో అంచనా వేసి, బొమ్మను చివరి క్షణంలో సర్దుతాయి. తల సంగతి చాలావరకు తీరిపోయింది.

పాదానికి ఆ సౌకర్యం లేదు. కెమెరా ఫ్రేమ్ తీయడం, చుక్కలు గుర్తించడం, స్థానం లెక్కగట్టడం, ఫిల్టర్ చెయ్యడం, నెట్‌వర్క్ మీద పంపడం, గ్రాఫిక్స్ గీయడం... ప్రతి మెట్టూ కొంత సమయం తింటుంది. మామూలు నడకలో గాల్లో ఉన్న పాదం వేగం సెకనుకు 3, 4 మీటర్ల దాకా వెళ్తుంది. 40 మిల్లీసెకన్లు ఆలస్యమైతే కనబడే పాదం అసలు పాదానికి 12 నుంచి 16 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. పైగా వేళ్లు నేలకు అతి దగ్గరగా వచ్చే క్షణం, పాదం అతి వేగంగా సాగే క్షణం దాదాపు ఒకటే. అడ్డంకి దాటేటప్పుడు కంటికి ఏ సమాచారం అవసరమో సరిగ్గా అదే తప్పుగా అందుతుంది.

నిలబడి పరీక్షించినవాళ్లకు ఇదేమీ కనబడదు, కదలని పాదానికి ఆలస్యం ఉండదు కదా. థెరపిస్టు ఒకరు వీడియో చూస్తూ చెప్పిన మాటతో విషయం బయటపడింది. "వీళ్లు కాలు మరీ ఎత్తుగా లేపుతున్నారండీ. నేల మీద నమ్మకం లేనివాళ్లు వేసే అడుగు ఇది." ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. తమ పాదం ఎక్కడుందో చెప్పే బొమ్మను నమ్మలేక జాగ్రత్త కోసం ఎత్తుగా వేస్తున్నారు.

మొత్తం ఆలస్యాన్ని కొలవడానికి సులువైన దారి ఉంది. మార్కర్లు కట్టిన లోలకాన్ని ఊపి, దాని పక్కనే దాని వర్చువల్ రూపాన్ని తెర మీద చూపిస్తూ, రెంటినీ కలిపి హై స్పీడ్ వీడియో తీస్తే ఏది ఎంత వెనకబడిందో ఊపులను పోల్చి చెప్పొచ్చు. ఆ తర్వాత ఒక్కో మెట్టూ విడదీసి చూశాం. వైర్‌లెస్ తీసేసి కేబుల్ వేశాం. ఫ్రేములను పోగేసుకుని పంపే బఫర్లు తీసేశాం. కెమెరా వేగం పెంచాం. సెకనుకు 120 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేమ్‌కే 8 మిల్లీసెకన్ల పైచిలుకు పోతుంది, 240 చేస్తే అందులో సగం మిగులుతుంది.

ఎక్కువ దొరికింది ఫిల్టర్‌లో. చుక్కలు వణక్కుండా ఉండడానికి గట్టి ఫిల్టర్ పెడితే అది పాత ఫ్రేములను కూడి సగటు తీస్తుంది, సగటు అంటేనే ఆలస్యం. 2012లో కాసియే, రూసెల్, వోగెల్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన వన్ యూరో ఫిల్టర్ ఈ పనికి చక్కగా సరిపోయింది. వస్తువు నెమ్మదిగా ఉంటే గట్టిగా వడకడుతుంది, వేగం పెరిగేకొద్దీ వదులవుతుంది. పాదం ఆగి ఉన్నప్పుడు వణుకు కంటికి తెలుస్తుంది, ఆలస్యం తెలియదు. కదిలేటప్పుడు ఆలస్యం తెలుస్తుంది, వణుకు తెలియదు. కన్ను తీరుకు తగ్గట్టు పనిచేసే ఫిల్టర్ అది.

మిగిలినదాన్ని అంచనాతో పూడ్చాం. పాదం వేగాన్నిబట్టి కొద్ది మిల్లీసెకన్లు ముందుకు లెక్కగట్టి చూపించడం. గాల్లో ఇది బాగా పనిచేస్తుంది. మడమ నేలను తాకే క్షణంలో పాదం ఒక్కసారిగా ఆగుతుంది, అంచనాకు ఆ సంగతి ముందే తెలియదు కాబట్టి వర్చువల్ పాదం నేలలోకి దిగిపోతుంది. అందుకని చూపించే పాదం నేల కిందికి పోకుండా హద్దు పెట్టాం, నేల తాకాక కదలకుండా ఆపాం. అయితే ఇది కంటికి చూపించే పాదానికి మాత్రమే. థెరపిస్టుకు వెళ్లే కొలతలో అంచనా లేదు, హద్దు లేదు, కెమెరాలు చూసిందే యథాతథంగా నిల్వ అవుతుంది, ఫిల్టర్ తర్వాత తీరిగ్గా వేస్తాం. వేళ్లు నేలకు రాసుకోవడం లాంటిదే కదా వాళ్లు వెతికేది. చూపించేదాన్ని సర్దినట్టే కొలతనూ సర్దితే ఆ సమాచారమే పోతుంది. సమాచారాన్ని రెండు పాయలుగా విడదీయడంతో వేగం, కచ్చితత్వం మధ్య తగువు తీరింది.

బొమ్మ సంగతి

దృశ్యం గురించి తక్కువే చెబుతాను. ఫొటోల నుంచి కట్టిన వీధి ఒకటి సిద్ధంగా ఉంది, చాలా వివరంగా ఉంది. దాన్ని పలుచన చేశాం. సన్నని గీతలున్న టైల్స్ కదిలినప్పుడు మిలమిలలాడి కంటిని అలసటపెడతాయి. తడి నేల మెరుపులు ఫ్రేమ్ వేగాన్ని పడగొడతాయి. ఫ్రేమ్ వేగం ఒక్కసారి తడబడినా అప్పటిదాకా కూడగట్టిన నమ్మకం పోతుంది. తీసేయకుండా ఉంచినది, ఇంకా మెరుగుపరచినది పాదం కింద నీడ. బూటు నేలకు దగ్గరయ్యేకొద్దీ చిక్కబడి సన్నబడే ఆ చిన్న నీడే పాదం ఎంత ఎత్తులో ఉందో కంటికి చెబుతుంది. హెడ్‌సెట్‌లో మనుషులు దూరాలను తక్కువగా అంచనా వేస్తారన్నది ఎన్నో పరిశోధనల్లో తేలిన సంగతి. పరిమాణం అందరికీ తెలిసిన వస్తువులు, అంటే కుర్చీ, తలుపు లాంటివి, దారి పక్కన పెట్టాం. కనుపాపల మధ్య దూరాన్ని ఒక్కొక్కరికీ కొలిచి సరిచేశాం. అడుగు చప్పుడును అసలు మడమ తాకిన క్షణానికి కట్టాం.

మీహన్ బృందమే 2002లో ఇంకో సంగతి కూడా చూపించింది. వర్చువల్ గుంత అంచు ఉన్న చోట నిజంగానే సన్నని చెక్క పలక పెడితే, కాలికి ఆ అంచు తగిలి భయం ఎక్కువవుతుంది. మాకు కావలసింది భయం కాదు, నమ్మకం. శిక్షణ చివరి దశలో వర్చువల్ గడప ఉన్న చోటే మెత్తటి ఫోమ్ పట్టీ పెట్టాం. దానికీ మార్కర్లున్నాయి, ఎవరైనా తన్నితే వర్చువల్ గడప కూడా జరుగుతుంది. అక్కడ కాలికి తగిలేదీ కంటికి కనబడేదీ ఒకటే.

ఈ గది నిజంలా ఉందా అన్న ప్రశ్నకు మేం వాడేవాళ్ల మాట మీద మాత్రమే ఆధారపడలేదు. "బాగుందండీ" అని అందరూ అంటారు. అదే మనిషిని హెడ్‌సెట్ లేకుండా అదే ఎత్తున్న ఫోమ్ గడప దాటించి, కాలు ఎంత ఎత్తు లేపారు, ముందు ఎక్కడ ఆగారు అన్నవి పోల్చాం. ఆలస్యం తగ్గించాక ఆ రెండు అడుగులూ దగ్గరపడ్డాయి, పూర్తిగా ఒకటి కాలేదు. దానికి ఒక కారణం మాకు తెలుసు. హెడ్‌సెట్‌లో కింది వైపు చూపు తక్కువ. మామూలుగా కంటి చివర్నుంచి కనబడే నేల ఇక్కడ కనబడాలంటే తల వంచాలి, తల వంచితే నడక మారుతుంది. అందుకే కొలతల నివేదికలో హెడ్‌సెట్‌తో వేసిన అడుగులను హెడ్‌సెట్‌తో వేసిన అడుగులతోనే పోల్చమని రాశాం.

తర్వాత థెరపిస్టులు ఎక్కుడు దారి అడిగారు, వాలుగా పైకి వెళ్లే వీధి. దృశ్యం గీయడం కష్టమేమీ కాదు. కానీ కన్ను ఎక్కుతున్నామంటుంది, చీలమండ చదును నేల అంటుంది. కాలి మీద నమ్మకం ఇంకా కుదరనివాళ్లను అలాంటి దారి మీద నిలబెట్టడానికి నేను ఒప్పుకోలేదు. వాలు మార్చగలిగే నడక పలక ఒకటి గదిలోకి వచ్చి, దాని వాలును కెమెరాలు చూసి వర్చువల్ వీధికి చెప్పగలిగిన రోజున ఆ దృశ్యం పెడతాం. పలక అంచులకు మార్కర్లు ఎక్కడ పెట్టాలో ఇప్పటికే గీసి ఇచ్చాం.